నెదర్ పోర్టల్: జత లేని ద్వారాలు

మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌లో ఒక లోకం నుంచి మరో లోకానికి దాటించే ద్వారం నెదర్ పోర్టల్. నల్లటి అబ్సిడియన్ దిమ్మలతో ద్వారబంధం నిలబెట్టి నిప్పు ముట్టిస్తే లోపల ఊదారంగు తెర కమ్ముకుంటుంది. ఆ తెరలో నాలుగు సెకన్లు నిలబడ్డ ఆటగాడు నెదర్ అనే నిప్పుల లోకంలో, మరో ద్వారంలో తేలతాడు. అక్కడి నుంచి అదే పద్ధతిలో వెనక్కి వస్తాడు. ఆ రెండు ద్వారాలూ ‘లింక్’ అయ్యాయని ఆటగాళ్లు అంటారు. ఆ మాట ఎంత పాతుకుపోయిందంటే ఈ వ్యాసంలోనూ దాన్ని పూర్తిగా తప్పించుకోలేం. అయితే ఏ ద్వారానికి ఏది జత అన్నది గేమ్ తన దస్త్రంలో ఎక్కడా రాసుకోదు. గడప తొక్కిన ప్రతిసారీ కొత్తగా లెక్క కడుతుంది. ఆ క్షణంలో లెక్కకు దగ్గరగా ఏ ద్వారం దొరికితే అందులోంచి బయటికి తోస్తుంది. వెళ్లిన ద్వారంలోంచే తిరిగి రాలేకపోయామని పిల్లలు తల పట్టుకోవడానికి ఈ మతిమరుపే కారణం.

ఉదాహరణల కోసం హైదరాబాద్ పాతబస్తీ వైపు ఉన్న సైదాబాద్‌ను మూలబిందువుగా తీసుకుందాం. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక బ్లాక్ అంటే ఒక మీటరు, కాబట్టి ఊరి పటాన్ని ఆటలోకి దించడం తేలిక. ఇందులో చోటును మూడు నిరూపకాలతో చెబుతారు. తూర్పుకు పోయేకొద్దీ ఎక్స్ పెరుగుతుంది, దక్షిణానికి పోయేకొద్దీ జెడ్ పెరుగుతుంది, ఎత్తు వై. బడిలో వై అంటే కాగితం మీద పైకి పోయే గీత అని నేర్చుకున్నవాళ్లు మొదట ఇక్కడే తడబడతారు. సైదాబాద్ నడిబొడ్డు ఎక్స్ 0, జెడ్ 0 అనుకుంటే, చార్మినార్ పడమరకు దాదాపు 4 కిలోమీటర్లు, అంటే ఎక్స్ −4000 దగ్గర ఉంటుంది. గోల్కొండ కోట పడమరకు సుమారు 12, ఉత్తరానికి సుమారు 3 కిలోమీటర్లు. ఎక్స్ −12,000, జెడ్ −3000.

పుట్టుక

మైన్‌క్రాఫ్ట్‌ను స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009 మే నెలలో తొలిసారి జనం ముందు పెట్టాడు. నెదర్, దానితో పాటే ఈ ద్వారం, 2010 అక్టోబరు చివర హాలోవీన్ అప్‌డేట్‌గా పేరుపడ్డ ఆల్ఫా 1.2.0 వెర్షన్‌లో వచ్చాయి. మొదట్లో ఒంటరిగా ఆడేవాళ్లకే ఆ ప్రయాణం. పదిమంది కలిసి ఆడే సర్వర్లలో నెదర్ దారి 2011 మేలో బీటా 1.6తో తెరుచుకుంది. అదే ఏడాది నవంబరు 18న పూర్తి గేమ్ విడుదలైంది.

ఈ చరిత్రలో తెలుగువాళ్లకు గుర్తుండే మలుపు ఒకటి ఉంది. హైదరాబాద్‌లో పుట్టి బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టాడు. ఆ సెప్టెంబరులోనే మైన్‌క్రాఫ్ట్ తయారుచేసే మొజాంగ్ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. కంపెనీ చేతులు మారినా పోర్టల్ లెక్క మాత్రం ఇంచుమించు అలాగే ఉంది.

ద్వారబంధం

అబ్సిడియన్ నిజ జీవితంలో అగ్నిపర్వతపు గాజు. ఆటలో నిలవ లావా మీద నీళ్లు పారితే తయారవుతుంది. దాన్ని తవ్వడానికి కనీసం వజ్రపు గునపం కావాలి. వజ్రపు గునపంతో కూడా ఒక్కో దిమ్మకు తొమ్మిది సెకన్లకు పైగా పడుతుంది. అందుకే చాలామంది తవ్వే పని పెట్టుకోరు. బకెట్‌తో లావా తెచ్చి అచ్చుపోసినట్టు అక్కడికక్కడే గడ్డకట్టిస్తారు.

అతి చిన్న ద్వారబంధం వెడల్పు 4, ఎత్తు 5 బ్లాకులు. లోపలి ఖాళీ 2 బై 3. నాలుగు మూలలూ వదిలేయొచ్చు కాబట్టి 14 దిమ్మలకు బదులు 10తో సరిపోతుంది. 2013 అక్టోబరులో వచ్చిన 1.7.2 వెర్షన్ నుంచి 23 బై 23 దాకా ఎంత పెద్దదైనా కట్టుకోవచ్చు. ముట్టించడానికి చెకుముకి రాయే అక్కర్లేదు, ద్వారబంధం లోపల ఏ మంట అంటుకున్నా తెర లేస్తుంది. నెదర్‌లో తిరిగే ఘాస్ట్ అనే తెల్లటి జీవి ఉమ్మే నిప్పుముద్ద తగిలితే తెర చెదిరిపోతుంది, అబ్సిడియన్ మాత్రం చెక్కుచెదరదు. చెకుముకి తీసుకెళ్లనివాడు అప్పుడు అదే ఘాస్ట్‌ను కవ్వించి, ఇంకో నిప్పుముద్దను ద్వారం మీదికి రప్పించుకుని వెలిగించుకోవాలి. ఆర్పినవాడితోనే వెలిగించుకోవడం ఆటలోని సరదాల్లో ఒకటి.

ఎనిమిదో వంతు

నెదర్‌లో ఒక అడుగు వేస్తే పై లోకంలో, అంటే ఆట మొదలయ్యే మామూలు లోకంలో, ఎనిమిది అడుగులు వేసినట్టు. పై నుంచి కిందికి వెళ్లేటప్పుడు గేమ్ ఎక్స్, జెడ్‌లను 8తో భాగిస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు 8తో గుణిస్తుంది. వై జోలికి పోదు. శేషం మిగిలితే ఎప్పుడూ తక్కువ వైపుకే సర్దుతుంది. 100ని భాగిస్తే 12.5 కాబట్టి 12 అవుతుంది. −100 మాత్రం −12 కాదు, −13 అవుతుంది. చార్మినార్ సైదాబాద్‌కు పడమట ఉంది కాబట్టి మన పటంలో సగం లెక్కలు రుణ సంఖ్యలే. కాగితం మీద లెక్క వేసుకునేవాళ్లు ఇక్కడ ఒక బ్లాక్ జారుతుంటారు.

లోకం మారితే కొలత మారిపోవడం మనకు కొత్త సంగతి కాదు. భాగవతం నవమ స్కంధంలో కకుద్మి అనే రాజు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ కొద్దిసేపు ఆగి తిరిగి వచ్చేసరికి భూమి మీద 27 మహాయుగాలు గడిచిపోయి ఉంటాయి. ఆ రేవతే బలరాముడి భార్య. మాయాబజార్ (1957) చూసినవాళ్లకు శశిరేఖ తల్లి. అక్కడ సాగింది కాలం, నెదర్‌లో కుదించుకుపోయేది దూరం. గడియారం రెండు లోకాల్లోనూ ఒకే వేగంతో నడుస్తుంది.

సైదాబాద్ నుంచి చార్మినార్‌కు ఆటలో మామూలు నడకన, సెకనుకు 4.3 మీటర్ల చొప్పున, పావుగంట పైచిలుకు పడుతుంది. నెదర్‌లో అది 500 బ్లాకులే. రెండు నిమిషాల నడక, ద్వారాల దగ్గర నిలబడే ఎనిమిది సెకన్లు అదనం. చాదర్‌ఘాట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లకు ఈ నిష్పత్తి గొప్పదనం వేరే చెప్పక్కర్లేదు.

వెతుకులాట

అసలు కిటుకంతా ఇక్కడుంది. ఇకపై చెప్పే సంఖ్యలు కంప్యూటర్లో ఆడే జావా ఎడిషన్‌వి. ఫోన్లలో, కన్సోళ్లలో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్‌లో సూత్రం ఒకటే, వివరాల్లో తేడాలుంటాయి.

భాగహారమో గుణకారమో చేశాక గేమ్ చేతికి ఒక చిరునామా వస్తుంది. సరిగ్గా ఆ చోట ద్వారం ఉండాలన్న నియమం లేదు. నెదర్‌లోకి వెళ్లేటప్పుడైతే ఆ చిరునామాకు నాలుగు వైపులా 16 బ్లాకుల మేర, పై లోకానికి వచ్చేటప్పుడైతే 128 బ్లాకుల మేర, నేల అడుగు నుంచి ఆకాశం దాకా, వెలిగి ఉన్న ద్వారాల కోసం గేమ్ గాలిస్తుంది. దొరికినవాటిలో అన్నిటికంటే దగ్గరిది ఎంచుకుంటుంది. రెండు సమాన దూరంలో ఉంటే ఎత్తు తక్కువ ఉన్నదానికి మొగ్గు.

సైదాబాద్‌లో ఇంటి నంబర్లు 17-1తో మొదలై పొడవాటి తోకతో ముగుస్తాయి. ఆ నంబరు చూసి ఇల్లు పట్టుకునే కొరియర్ అబ్బాయి అరుదు. నంబరును బట్టి గల్లీ దాకా వచ్చి, ఫోన్ ఎత్తకపోతే తెరిచి ఉన్న పక్కింటి తలుపు తట్టి పార్సిల్ ఇచ్చేసి పోతాడు. పోర్టల్ సరిగ్గా ఆ కొరియర్ లాంటిది. పార్సిల్ మాత్రం మనమే.

ఇద్దరు స్నేహితులు ఒకే లోకంలో ఆడుతున్నారనుకుందాం. మొదటివాడు సైదాబాద్ మూలబిందువు దగ్గర, ఎక్స్ 0లో, ద్వారం కట్టి నెదర్‌కు వెళ్లాడు. అక్కడ ఎక్స్ 0 దగ్గర లావా సముద్రం ఉంది. అందుకని గేమ్ పది బ్లాకులు తూర్పుకు జరిగి, ఎక్స్ 10లో అతనికి కొత్త ద్వారం కట్టిపెట్టింది. వెనక్కి వచ్చేటప్పుడు లెక్క 10 × 8 = 80 అయింది. 80కి 128 లోపు ఉన్న ద్వారం ఎక్స్ 0లోని అతని సొంతదే. సుఖంగా ఇంటికి చేరాడు. అన్నీ సవ్యంగా ఉన్నాయనుకున్నాడు.

వారం తర్వాత రెండోవాడు వంద మీటర్ల అవతలి గల్లీలో, ఎక్స్ 100 దగ్గర, తన ద్వారం వెలిగించాడు. ఇంకా అందులో కాలు కూడా పెట్టలేదు. ఆ రోజు మొదటివాడు నెదర్ నుంచి తిరిగి వస్తుంటే లెక్క మళ్లీ 80కే వచ్చింది. 80కి తన ద్వారం 80 బ్లాకుల దూరం, స్నేహితుడిది 20 బ్లాకులే. అతను స్నేహితుడి ఇంట్లో తేలాడు. ఎవరూ దేన్నీ పగలగొట్టలేదు, మార్చలేదు. వంద మీటర్ల అవతల వెలిగిన ఇంకో తెర చాలు. ఇక రెండోవాడు ఎక్స్ 100 నుంచి బయల్దేరితే చిరునామా 12. దాని పక్కనే ఎక్స్ 10లో మొదటివాడి కోసం పుట్టిన ద్వారం ఉంది, అందులోనే దిగుతాడు. ఇప్పుడు స్నేహితుడి ద్వారానికీ నెదర్ ద్వారానికీ చక్కటి జత కుదిరింది. ముందుగా కట్టినవాడి ద్వారం పోవడానికే తప్ప రావడానికి పనికిరాకుండా మిగిలింది.

‘నా లింక్ వాడు దొంగిలించాడు’ అని పిల్లలు కొట్టుకునేది ఇలాంటప్పుడే. దొంగతనం ఏమీ లేదు, తీసుకోవడానికి అక్కడ లింకే లేదు. నిజానికి ఏ ప్రాంతంలో ఏ ద్వారాలు వెలుగుతున్నాయో గేమ్ ఒక పట్టీ రాసుకుంటుంది, వెతకడం వేగంగా సాగాలి కదా. ఆ పట్టీలో చోట్లు మాత్రమే ఉంటాయి, జతలు ఉండవు.

పాత జావా వెర్షన్లలో గేమ్ నెదర్‌లోనూ 128 బ్లాకుల మేర గాలించేది. అంటే పై లోకంలో 1,024 మీటర్లు. కిలోమీటరు దూరంలో ఇద్దరు ద్వారాలు కట్టుకున్నా ఒకే నెదర్ ద్వారంలోకి పోయేవారు. సైదాబాద్ మొత్తానికి ఒకటే గుమ్మం అన్నమాట. 16కు కుదించాక ఆ తిప్పలు చాలావరకు తగ్గాయి. 16ను ఎనిమిదితో గుణిస్తే 128 వస్తుంది కాబట్టి రెండు లోకాల్లోనూ వెతికే ప్రాంతం పరిమాణం ఒకదానికొకటి సరిపోతుంది కూడా.

ఎత్తు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దూరం కొలిచేటప్పుడు వై కూడా లెక్కలోకి వస్తుంది, కాని దాన్ని ఎనిమిదితో భాగించరు. చార్మినార్ కింద ఒక ద్వారం, పైన మసీదు ఉన్న అంతస్తులో ఇంకో ద్వారం కట్టామనుకోండి. రెండింటి ఎక్స్, జెడ్ ఒకటే. నెదర్‌లో ఒకే ద్వారం ఉంటే రెండింటి నుంచీ అక్కడికే పోతాం, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం నెదర్ ద్వారం ఎత్తుకు ఏది దగ్గరైతే దాంట్లోకే వస్తాం. విడివిడిగా కావాలంటే నెదర్‌లోనూ ఒకదాని మీద ఒకటి రెండు కట్టుకోవాలి. దీనికి ఒక హద్దు ఉంది. నెదర్ కప్పు వై 127 దగ్గర ముగుస్తుంది. పై లోకం 2021 నవంబరులో వచ్చిన 1.18 వెర్షన్ నుంచి −64తో మొదలై 319 దాకా విస్తరించింది. రెండు వందల ఎత్తున్న కొండ మీది ద్వారానికి నెదర్‌లో కప్పు కింద అదే ఎత్తు దొరకదు.

ద్వారం లేకపోతే

గాలింపులో ఏదీ దొరక్కపోతే గేమ్ తానే కడుతుంది. చిరునామాకు 16 బ్లాకుల లోపు, నాలుగు బ్లాకుల వెడల్పున గట్టి నేల, పైన ద్వారం పట్టేంత ఖాళీ, ముందూ వెనకా నిలబడే చోటు ఉన్న తావు కోసం చూస్తుంది. అంత విశాలమైనది లేకపోతే ద్వారం మట్టుకు ఇమిడే సన్నటి చోటుతో సరిపెట్టుకుంటుంది. అదీ లేకపోతే రాతిని తొలిచో గాలిలో తేలుస్తూనో, కాళ్ల కింద కాస్త అబ్సిడియన్ అరుగు వేసి మరీ నిలబెడుతుంది. ఇలా పుట్టిన ద్వారంలో మూలలతో కలిపి 14 దిమ్మలూ ఉంటాయి. మూలలు నాలుగూ అనవసరం కాబట్టి అవి ఊడదీసుకుని జేబులో వేసుకోవడం తెలిసినవాళ్ల అలవాటు.

జత కుదర్చడం

జతలు నిలకడగా ఉండాలంటే గేమ్ కట్టిపెట్టినదాన్ని నమ్ముకోకూడదు. పై ద్వారం నిరూపకాలు రాసుకుని, ఎక్స్, జెడ్‌లను 8తో భాగించి, నెదర్‌లో సరిగ్గా ఆ బ్లాక్ దగ్గర, వీలైనంత అదే ఎత్తులో చేత్తో ద్వారం కట్టాలి. మన ఉదాహరణలో మొదటివాడు నెదర్‌లో లావా మీద రాళ్లు పరిచి ఎక్స్ 0లో ఇంకో ద్వారం కట్టుకుంటే చిక్కు విడిపోతుంది. ఎక్స్ 0 నుంచి ఎక్స్ 0కి, ఎక్స్ 100 నుంచి ఎక్స్ 10కి, తిరుగు ప్రయాణాలు కూడా అలాగే. గేమ్ కట్టిన వంకర ద్వారాన్ని పడగొట్టాల్సిన పని కూడా లేదు, అది స్నేహితుడికి పనికొస్తుంది.

గేమ్ లెక్క కట్టేది ద్వారం చోటును బట్టి కాదు, అందులో నిలబడ్డవాడి చోటును బట్టి. నెదర్ ద్వారంలో ఎడమ పక్కన నిలబడటానికీ కుడి పక్కన నిలబడటానికీ ఒక బ్లాకే తేడా, పై లోకంలో అది ఎనిమిది బ్లాకులవుతుంది. పైన రెండు ద్వారాలు సరైన చోట్ల పెట్టుకుంటే నెదర్‌లోని ఒకే గుమ్మం ఎడమ సగం ఒక ఇంటికి, కుడి సగం ఇంకో ఇంటికి దారితీస్తుంది. జీవాలను, సరుకులను వేరుచేసే యంత్రాలు కట్టేవాళ్లు ఈ గుణాన్ని బాగా వాడుకుంటారు. ద్వారం దాటే వస్తువు అవతలి వైపు చుట్టుపక్కల భూభాగాన్ని 15 సెకన్ల పాటు మేల్కొలుపుతుంది. ఒకదాని తర్వాత ఒకటిగా వస్తువులు పంపుతూ ఉంటే ఎవరూ లేని చోట కూడా యంత్రం ఆగకుండా తిరుగుతుంది.

సొరంగాలు

గోల్కొండ నుంచి చార్మినార్‌కు నేల కింద సొరంగం ఉందని పాతబస్తీలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ చివర దిగి ఈ చివర పైకి వచ్చినవాళ్లెవరూ లేకపోయినా కథ మాత్రం చావలేదు. 1591లో చార్మినార్ కట్టినప్పటికి కుతుబ్‌షాహీల కోట గోల్కొండే కాబట్టి, రెండింటినీ కలిపే రహస్య దారి ఉండి ఉంటుందని ఊహించుకోవడం జనానికి సహజం. మైన్‌క్రాఫ్ట్‌లో ఆ సొరంగం తవ్వుకోవచ్చు. నెదర్‌లో చార్మినార్ ఎక్స్ −500 దగ్గర, గోల్కొండ ఎక్స్ −1500, జెడ్ −375 దగ్గర ఉంటాయి. నడుమ దూరం వెయ్యి బ్లాకుల పైచిలుకు, నాలుగు నిమిషాల నడక.

నడక కూడా వద్దనుకునేవాళ్లు మంచు పరుస్తారు. నెదర్‌లో నీళ్లు పోస్తే ఆవిరైపోతాయి, పడుకుందామని మంచం వేస్తే పేలిపోతుంది. గడ్డకట్టిన నీలి మంచు మాత్రం కరగదు. దాని మీద పడవ సెకనుకు సుమారు 72 మీటర్ల వేగంతో జారుతుంది. ఎనిమిది రెట్లు కలిపి చూస్తే పై లోకంలో సెకనుకు అర కిలోమీటరు దాటినట్టు. చార్మినార్ నుంచి గోల్కొండకు పదిహేను సెకన్లు. పెద్ద సర్వర్లలో ఇలాంటి రహదారులు లక్షల బ్లాకులు సాగుతాయి. ఆట లోకం మూలబిందువు నుంచి ఒక్కో దిక్కున దాదాపు 3 కోట్ల బ్లాకుల దగ్గర ముగుస్తుంది, నెదర్ దారిన అది 37.5 లక్షలే.

ఆటను అతి తక్కువ సమయంలో ముగించాలని పందెం వేసుకునేవాళ్లకూ ఈ నిష్పత్తే ఆయుధం. ఎండ్ అనే మూడో లోకానికి దారి ఉన్న కోటల్లో దగ్గరి మూడూ జావా ఎడిషన్‌లో మూలబిందువుకు 1,280 నుంచి 2,816 బ్లాకుల లోపు ఉంటాయి. నెదర్‌లో అది 160 నుంచి 352. ఆ నడుమ ఎక్కడో గుడ్డిగా ద్వారం కట్టి పైకి వచ్చి కోట కోసం వెతుక్కుంటారు.

మిగతా ద్వారాలు

ఎండ్ పోర్టల్ ఆ కోటల్లోనే ముందే కట్టి ఉంటుంది. పన్నెండు చట్రాల్లో పన్నెండు ఎండర్ కళ్లు పొదిగితే తెరుచుకుంటుంది. ఇందులో లెక్కలేమీ లేవు. ఎక్కడి నుంచి దూకినా ఎక్స్ 100, జెడ్ 0 దగ్గరి ఒకే అబ్సిడియన్ అరుగు మీద పడతాం. తిరుగు ద్వారం ఆటగాణ్ణి అతని మంచం దగ్గరికో, లోకంలో మొదట పుట్టిన చోటికో చేరుస్తుంది. వచ్చిన దారితో దానికి సంబంధం లేదు.

ఎండ్ గేట్‌వే వేరే రకం. ఎండ్‌లో ఉండే డ్రాగన్‌ను చంపిన ప్రతిసారీ అక్కడే ఒకటి చొప్పున, మొత్తం 20 దాకా పుడతాయి. ఒక్క బ్లాక్ మాత్రమే ఉండే ఈ ద్వారంలో మనిషి పట్టడు కాబట్టి ఎండర్ ముత్యం విసిరి దాటాలి. వెయ్యి బ్లాకుల అవతలి దీవుల్లోకి విసిరేస్తుంది. తన గమ్యం నిరూపకాలను ఇది తనలోనే రాసి పెట్టుకుంటుంది. పక్కన ఎన్ని కొత్త ద్వారాలు పుట్టినా దారి మారదు.